కిరాయి షాపు గోనెసంచుల్లోని పాత డిటెక్టివ్ మాసపత్రికలు, అభిమాన సంచికలు: జాబితా ఎట్లా రాయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మిర్యాలగూడలో మీ చిన్నాయన నడిపిన కిరాయి పుస్తకాల షాపు ఎప్పుడో మూతపడింది. సరుకంతా ఇంటి అటక మీద గోనెసంచుల్లో ఉంది. పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలు, నెలకో నవల వేసే మాసపత్రికలు, వారపత్రికల్లోంచి చింపి కుట్టిన సీరియళ్లు, సినిమా అభిమాన సంఘాల సావనీర్లు, హాస్టల్లో చేత్తో రాసిన పత్రికలు కొన్ని. వీటికి కేటలాగ్ తయారు చేయాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, తేదీ లేనివాటికి ఏం రాయాలి, స్కాన్ చేసి నెట్‌లో పెట్టొచ్చా అని అడిగారు.

సాఫ్ట్‌వేర్ చిన్న విషయం, చివర్లో చెప్తా. నల్లగొండ, పాలమూరు వైపు ఇట్లాంటి సరుకు చాలా ఏళ్లుగా చూస్తున్నా. అందరూ తడబడేది ఒక్కచోటే. ప్రతిని చూసి రాయాల్సింది పోయి, తమకు తెలిసిన చరిత్రను రాసేస్తారు. "ఇది 1965 ప్రాంతంలో వచ్చిన పత్రిక" అని జాబితాలో ఒక ముక్క పడుతుంది. ఆ 1965 అట్ట మీద అచ్చయిందా, ధర చూసి లెక్కగట్టిందా, పక్కింటి మాస్టారు చెప్పిందా? రెండేళ్ల తర్వాత రాసినవాళ్లకే గుర్తుండదు. కాబట్టి ప్రతి వివరానికీ మూడు స్థితులు పెట్టుకోండి: అచ్చులో ఉంది, లెక్కగట్టాను, విన్నాను. లెక్కగట్టినదాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టడం లైబ్రరీల పాత అలవాటు. విన్నదాన్ని విడిగా "గమనిక" గడిలో రాయండి, ఎవరు చెప్పారో కూడా అక్కడే. ఈ ఒక్కటి పాటిస్తే మిగతా పొరపాట్లన్నీ తర్వాత ఎవరైనా దిద్దుకోగలరు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ సరుకుకు సరిచూసుకునే ఆధారం బయట చాలా తక్కువ. బ్రిటిష్ ఇండియాలో 1867 నాటి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ముద్రించిన ఊరు, ప్రచురణకర్త పేరు, ఊరు వేయాలి, ప్రతులు సర్కారుకు ఇవ్వాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో అచ్చయినవాటి జాబితాలు అట్లా తయారయ్యాయి. మన ప్రాంతం నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి ఆ లెక్కల్లోకి రాలేదు. మీ పక్కనే ఉన్న మునగాల పరగణా మాత్రం చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా కృష్ణా జిల్లా కింద మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, నల్లగొండ జిల్లాలో కలిసింది 1959లో. అందుకే మునగాల చిరునామాతో ఏదైనా పాత పత్రిక దొరికితే దాని జాడ మద్రాసు జాబితాల్లో వెతకాలి. పక్కనే సూర్యాపేట చిరునామా ఉన్నదానికి ఆ దారి లేదు. స్వాతంత్ర్యం తర్వాత 1954లో డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం వచ్చింది, కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మద్రాసు కన్నెమరా లైబ్రరీకి ప్రతులు పంపాలన్నారు. కానీ రూపాయి నవలలు వేసే ప్రచురణకర్తల్లో ఎంతమంది పంపి ఉంటారో మీరే ఊహించండి. మన దగ్గర పత్రికలే లేవని కాదు. 1913లోనే పాలమూరు నుంచి హితబోధిని వచ్చింది, 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది, 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక పెట్టారు. వాటి మీద పరిశోధనలు జరిగాయి. కిరాయి షాపు సరుకును మాత్రం పండితులూ పట్టించుకోలేదు, లైబ్రరీలూ దాచలేదు. చదివి చదివి చినిగాక రద్దీకి, అంటే పాత కాగితాల తూకానికి, వేశారు. మీ అటక మీద ఉన్నదే చాలావాటికి మిగిలిన ఆధారం కావచ్చు.

ఇక సంచులు విప్పే పని. విప్పగానే రచయితల వారీగా, సైజుల వారీగా సర్దాలని చేయి లాగుతుంది. ఆగండి. ఏ సంచిలోంచి ఏది వచ్చిందో ముందు రాసుకోండి. "సంచి 3, అంశం 47" అన్నట్టు ఒక నంబరు పెన్సిల్‌తో చిన్న చీటీ మీద రాసి లోపల పెట్టండి, పుస్తకం మీద పెన్నుతో రాయొద్దు. ఒకే సంచిలో పక్కపక్కన ఉన్నవి తరచుగా ఒకే ఏడాది కొన్నవి అయి ఉంటాయి. తేదీ లేని పుస్తకానికి పక్కనున్న తేదీ ఉన్న పత్రిక సాక్ష్యం చెప్తుంది. ఒకసారి కలిపేస్తే ఆ సాక్ష్యం పోయినట్టే. సంచిలో చిత్తుకాగితాలుగా కనిపించేవీ పారేయొద్దు. అద్దె వసూలు రాసిన నోటుబుక్కు, ఏజెంటు బిల్లు, వీపీ పార్సెల్ చీటీ, ఇవన్నీ కేటలాగ్‌కు పనికొచ్చేవే. ఫలానా నవల ఫలానా నెలలో షాపుకొచ్చిందని బిల్లు చెప్తే, అంతకన్నా గట్టి ఆధారం ఇంకేం కావాలి?

శుభ్రం చేసే పని గురించి రెండు మాటలే. మెత్తటి బ్రష్‌తో ఆరుబయట నీడలో దులపండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. తుప్పుపట్టిన పిన్నులు కాగితాన్ని తినేస్తాయి. నెమ్మదిగా తీసి తెల్లటి నూలుదారంతో వదులుగా కట్టండి. సెల్లోటేపు, ఫెవికాల్ జోలికి పోవద్దు. ఎండలో ఆరబెట్టొద్దు. ఇవన్నీ న్యూస్‌ప్రింట్ లాంటి నాసి కాగితం, లోపల లిగ్నిన్ ఉంటుంది, ఎండ తగిలితే పసుపు ఎక్కి పెళుసెక్కుతుంది.

ఒక్కో ప్రతికి ఏమేం రాయాలి? అమెరికాలో పాత కథల పత్రికలకు సూచికలు తయారు చేసినవాళ్ల పద్ధతి మనకు బాగా సరిపోతుంది. అక్కడ 1896లో ఆర్గొసీ పూర్తిగా కథల పత్రికగా మారినప్పటి నుంచి చవక కాగితం మీద వేలకొద్దీ సంచికలు వచ్చాయి. వాటినీ లైబ్రరీలు చాలాకాలం చిన్నచూపే చూశాయి. సూచికలు వేసింది ఎక్కువగా సొంతంగా కొని దాచుకున్న పాఠకులే. వాళ్లు ఒక్కో సంచికకు సంపుటి, సంచిక, నెల, ధర, పేజీలు, సైజు, ముఖచిత్రం వేసిన చిత్రకారుడు అన్నీ రాసి, దాని కింద లోపలి కథలన్నీ పేజీ నంబర్లతో వరసగా ఇస్తారు. మీరూ అంతే చేయండి. సైజును "డెమీ, క్రౌన్" అని కాగితం సైజుల పేర్లతో కాకుండా స్కేలు పెట్టి సెంటీమీటర్లలో రాయండి, ఎందుకంటే బైండింగు వాడు అంచులు కోసేసి ఉంటాడు. ముఖచిత్రం మూలలో సంతకం చూడండి. బాపు, వ.పా. (వడ్డాది పాపయ్య) సంతకాలు అందరూ గుర్తుపడతారు గానీ, పొడి అక్షరాలతో ముగించిన చిన్న చిత్రకారులు బోలెడుమంది. ఆ పొడి అక్షరాలను ఉన్నవి ఉన్నట్టే ఎక్కించండి, ఎవరో మీకు తెలియాల్సిన పనిలేదు. నాలుగు జాబితాలు కలిస్తే వాళ్లంతట వాళ్లే బయటపడతారు.

ఇప్పుడు అసలు చిక్కు. నెలకో నవల వేసే మాసపత్రికలు. అట్ట మీద నవల పేరు పెద్ద అక్షరాల్లో, పైన మూలకు పత్రిక పేరు చిన్నగా ఉంటుంది. లోపల "సంపుటి 4, సంచిక 7" అని ఉంటుంది, సంపాదకుడి పేరు ఉంటుంది, ఒక్కోసారి రెండు పేజీల ప్రశ్నలు-జవాబులు కూడా ఉంటాయి. ఇది పుస్తకమా, పత్రికా? రిజిస్టరైన పత్రికకు పోస్టు ఖర్చు బాగా తగ్గేది. అందుకని నవలలు వేసేవాళ్లు చాలామంది పత్రిక పేరుతో రిజిస్టర్ చేసుకుని నెలనెలా నవల పంపేవాళ్లు. అదే నవలను తర్వాత మిగిలిన ఫారాలకు (అచ్చయి అట్ట వేయని కాగితపు మడతలకు) కొత్త అట్ట వేసి పుస్తకంగా కూడా అమ్మేవాళ్లు. మీ జాబితాలో దీనికి రెండు వరసలు ఉండాలి. ఒకటి పత్రిక పేరు కింద సంచికగా, రెండోది నవల పేరు కింద రచనగా. రెండింటికీ లంకె పెట్టండి. ఒకే వరసలో ఇరికిస్తే, "ఈ పత్రిక ఎన్ని సంచికలు వచ్చింది" అనే ప్రశ్నకైనా జవాబు దొరకదు, "ఈ నవల మొదట ఎక్కడ వచ్చింది" అనే ప్రశ్నకైనా దొరకదు.

సంపుటి, సంచిక నంబర్లను గుడ్డిగా నమ్మొద్దు కూడా. దీపావళికి ప్రత్యేక సంచిక వేసి రెండు నెలలకు ఒకే నంబరు ఇస్తారు. ప్రెస్సు మారితే నంబరు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. అచ్చుతప్పుతో ఒకే నంబరు రెండు నెలలు నడుస్తుంది. తప్పని మీకు తెలిసినా అచ్చులో ఉన్నదే రాసి, పక్కన బ్రాకెట్లో మీ లెక్క రాయండి. చేతిలో లేని సంచికలకు వరసలు తయారు చేయొద్దు. 7, 9 ఉన్నాయి కాబట్టి 8 వచ్చే ఉంటుందని అనుకోవడం సహజమే గానీ, ఆ 8 అసలు రాకపోయి ఉండవచ్చు. వెనక అట్ట మీద "త్వరలో వెలువడుతుంది" అన్న ప్రకటనలు ఇంకా ప్రమాదం. ప్రకటించి వేయని నవలలు లెక్కలేనన్ని. వాటిని "ప్రకటన మాత్రమే, ప్రతి చూడలేదు" అని వేరే షీట్‌లో పెట్టండి. ఎక్కడో ఎవరో ఒకరు ఆ పేరును నిజమైన పుస్తకంగా ఎక్కించేస్తారు. అక్కడి నుంచి పది జాబితాల్లోకి పాకుతుంది, ఇక దాన్ని తీసేయడం ఎవరి తరమూ కాదు.

పత్రికగా రిజిస్టరైనవాటిలో ఒక చిన్న గని ఉంది. 1956 నాటి నిబంధనల ప్రకారం ప్రతి పత్రికా ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ఫారం 4 అచ్చువేయాల్సి ఉండేది. ప్రచురణ స్థలం, ఎన్నాళ్లకోసారి వస్తుంది, ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, యజమానులు, అందరి పేర్లూ చిరునామాలూ అందులో ఉంటాయి. కాబట్టి మీ దగ్గరున్న మార్చి సంచికలన్నీ ముందు పక్కన పెట్టండి. మూడు వేర్వేరు పత్రికల ఫారం 4లో ఒకే యజమాని పేరు కనిపిస్తే, ఆ మూడింటిలో నవలలు పేర్లు మార్చుకుని ఎందుకు తిరుగుతున్నాయో వెంటనే అర్థమవుతుంది. లోపల ఎక్కడో "ఆర్.ఎన్." అని ఒక నంబరు, గీత, రెండంకెల సంవత్సరం ఉంటే అది రిజిస్ట్రార్ ఆఫ్ న్యూస్‌పేపర్స్ ఇచ్చింది. ఆ ఆఫీసు మొదలైంది 1956 జూలైలో. సంవత్సరం అంకె పత్రిక రిజిస్టరైన ఏడాదిది, సంచిక వచ్చిన ఏడాదిది కాదు.

తేదీ లేనివాటికి దారులున్నాయి, అయితే ఏ ఆనవాలు ఏం చెప్తుందో, ఏం చెప్పదో తెలిసి వాడాలి.

ధర ముందు చూడండి. దేశంలో నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. "నయా" అనేది 1964 జూన్ 1న పోయింది. "న.పై." అని ఉంటే ఈ రెంటి మధ్య అచ్చయిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. "4 అణాలు - 25 న.పై." అని రెండూ ఉంటే 1957కు దగ్గర్లో ఉన్నట్టు. ఉత్త అణాల్లో ఉంటే అంతకుముందుది కావచ్చు, కానీ పాత అట్టలు మిగిలిపోయి తర్వాత వాడి ఉండొచ్చు కూడా. ధర మీద రబ్బరు స్టాంపుతో కొత్త ధర కొట్టి ఉంటే రెండు ధరలూ రాయండి. ఇంకా పాతవాటిలో హాలీ, కల్దారు అని రెండు ధరలు కనిపిస్తే అది హైదరాబాద్ రాజ్యంలో అమ్మకానికి ఉద్దేశించింది. హాలీ సిక్కా ఇక్కడిది, కల్దారు బ్రిటిష్ రూపాయి.

చిరునామా రెండో ఆనవాలు. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. "విజయవాడ-2" అని ఉన్నది "విజయవాడ-520 002" గా మారింది. ఆరంకెల పిన్ ఉంటే 1972 తర్వాతది. పిన్ లేకపోతే ముందుదని మాత్రం కాదు. ప్రెస్సుల్లో పాత బ్లాకులే ఏళ్లతరబడి నడిచాయి. జిల్లా పేర్లూ అంతే. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పాలమూరు నుంచి, సూర్యాపేట, యాదాద్రి నల్లగొండ నుంచి విడిపోయింది 2016 అక్టోబర్‌లో, నారాయణపేట జిల్లా అయింది 2019లో. పాత పుస్తకం మీద "నారాయణపేట, మహబూబ్‌నగర్ జిల్లా" అని ఉంటే అచ్చులో ఉన్నది ఒక గడిలో, ఇప్పటి జిల్లా ఇంకో గడిలో. నల్గొండ, నల్లగొండ, నల్గొండా, అచ్చులో ఎట్లా ఉంటే అట్లా.

సంచుల అడుగున 1948కి ముందటివి దొరికితే ఫసలీ సంవత్సరం (నిజాం సర్కారు వాడిన ఏడాది లెక్క) కనిపించవచ్చు. హైదరాబాద్‌లో ఫసలీ అక్టోబర్ మొదటి వారంలో ఆజర్ నెలతో మొదలయ్యేది. అక్కడి నుంచి డిసెంబర్ దాకా 590 కలపాలి, జనవరి నుంచి 591. అంటే 1357 ఫసలీ 1947 అక్టోబర్‌లో మొదలై 1948 అక్టోబర్ మొదట్లో ముగిసింది. నెల పేరు లేకుండా ఉత్త ఫసలీ ఏడాదే ఉంటే "[1947-48]" అని రెండేళ్లూ రాయండి, ఒకటి ఎంచుకోవద్దు. ప్రభవ, విభవ వరస తెలుగు సంవత్సరాలకూ ఇదే నియమం, పైగా అవి అరవయ్యేళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి ధర, కాగితం చూసి ఏ చుట్టులోదో తేల్చుకోవాలి.

షాపు ముద్ర మీద ఉన్న తేదీని చాలామంది ప్రచురణ తేదీగా రాసేస్తారు. అది పుస్తకం షాపుకు వచ్చిన తేదీ, అంతకన్నా వెనక్కి ఎప్పుడైనా అచ్చయి ఉండొచ్చు. అయినా విలువైనదే. "ఈ తేదీకి ముందు" అని గట్టిగా చెప్పగలుగుతాం.

చింపి కుట్టిన సీరియళ్ల గురించి మీరు కొంచెం చులకనగా రాశారు, "ఇవి పుస్తకాలు కావు కదా, వదిలేయనా" అని. దయచేసి వదలొద్దు. నాకైతే మీ సంచుల్లో అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. వారపత్రికలో యాభై వారాలు నడిచిన సీరియల్‌ను వారం వారం కత్తిరించి, గోధుమరంగు అట్ట వేసి, మీద చేత్తో పేరు రాసి, పుస్తకంగా అద్దెకిచ్చేవాళ్లు. ఇళ్లలో ఆడవాళ్లు కూడా ఇట్లా కుట్టించి దాచుకున్నారు. కొన్ని సీరియళ్లు తర్వాత పుస్తకంగా రానేలేదు, వచ్చినా బొమ్మలు తీసేసి, భాగాలు కుదించి వేశారు. కాబట్టి ఆ కుట్టిన కట్టే అసలు పాఠం.

వీటి తేదీలు పట్టుకోవడానికి కథ వైపు చూడొద్దు, కాగితం వెనక వైపు చూడండి. చాలా వారపత్రికల్లో పేజీ అడుగున పత్రిక పేరు, తేదీ ఉంటాయి. బైండింగు కత్తెరకు అవి పోతే, వెనక పేజీలో వారఫలాలు పడి ఉండొచ్చు, అందులో "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు" అని ఉంటుంది. సినిమా ప్రకటన ఉంటే విడుదల తేదీ ఉంటుంది. పాఠకుల ఉత్తరాల్లో "12వ తేదీ సంచికలో" అని ఉంటుంది. రెండు మూడు వారాలకు తేదీ దొరికితే మిగతావి వెనక్కీ ముందుకీ లెక్కపెట్టుకోవచ్చు. అయితే మధ్యలో ఒక వారం సీరియల్ రాకపోయి ఉండొచ్చు, "అనివార్య కారణాల వల్ల ఈ వారం" అన్న నోటు కోసం చూడండి. రాసేటప్పుడు "సీరియల్ కట్ట" అని రకం వేసి, పత్రిక పేరు, మొదటి, చివరి వారాలు, లేని వారాలు, అట్ట మీద చేతిరాత పేరు, షాపు నంబరు. కట్టను విప్పి విడివిడి పేజీలు చేయొద్దు. ఆ కుట్టు కూడా చరిత్రే, మీ చిన్నాయన చేతిపని కూడా కావచ్చు.

రచయితల పేర్ల దగ్గర సంయమనం కావాలి. ఈ రంగంలో కలం పేర్లు, ప్రచురణకర్త సొంతంగా పెట్టుకుని పలువురితో రాయించిన పేర్లు, ఆడపేర్లతో రాసిన మగవాళ్లు, అన్నీ ఉన్నాయి. డెబ్బైల్లో స్త్రీ పేరు ఉంటే నవల బాగా అమ్ముడుపోతుందన్న లెక్క నడిచింది. అట్ట మీద పేరు రచయిత గడిలో ఉన్నదున్నట్టు రాయండి. అసలు పేరు ఫలానా అని విన్నారా, గమనికలో ఎవరు చెప్పారో రాయండి. మీ ఊరి రిటైర్డ్ మాస్టారు ఒకరు కుర్రతనంలో డిటెక్టివ్ నవలలు రాశారని ఎవరో చెప్తారు. ఆయన్ని అడగకుండా జాబితాలో ఎక్కించి బయట పెట్టడం మర్యాద కాదు. అడిగితే నవ్వుతూ ఒప్పుకునేవాళ్లే ఎక్కువ, పైగా ఇంకో పది పేర్లు చెప్తారు.

ఒకే నవల రెండు పేర్లతో రావడం కూడా మామూలే. పేరు మీద అనుమానం తీరాలంటే ప్రతి నవల మొదటి వాక్యం, చివరి వాక్యం జాబితాలో రాసుకోండి. తాళపత్ర గ్రంథాల కేటలాగ్‌లలో ఆదీ అంతమూ ఎత్తి రాస్తారు కదా, అదే పద్ధతి. అట్ట పోయిన, మొదటి ఫారం ఊడిన ప్రతులను గుర్తుపట్టడానికీ ఇదే దిక్కు.

అభిమాన సంచికల సంగతి. వీటికి సంపుటి లేదు, ధర లేదు, రిజిస్ట్రేషన్ లేదు. వంద రోజుల పండగకు వేసిన సావనీరు, హీరో పుట్టినరోజు కరపత్రం, అభిమాన సంఘం సైక్లోస్టైల్ బులెటిన్. ప్రతిదానికీ సంఘం పేరు, ఊరు, సందర్భం, ఎట్లా తయారైంది (చేతిరాత, సైక్లోస్టైల్, లెటర్‌ప్రెస్, ఆఫ్‌సెట్), పేజీలు రాస్తే చాలు. ప్రకటనలిచ్చిన కొట్ల పేర్లు కూడా రాయండి. సావనీరు ఏ ఊరిదో, ఏ ఏడాదిదో తేల్చేది చాలాసార్లు ఆ కిరాణా కొట్టు, బట్టల షాపు ప్రకటనలే. ఎన్టీఆర్ విషయంలో 1982 తర్వాత ఇంకో మెలిక ఉంది. అభిమాన సంఘం కాగితం ఏది, పార్టీ కాగితం ఏది తేలదు. 1989లో ఆయన కల్వకుర్తిలో పోటీ చేసి ఓడిపోయినప్పటి కాగితాలు పాలమూరు వైపు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. అట్లాంటివాటిని రెండు విషయాల కిందా చూపించండి, తీర్పు చెప్పే బాధ్యత మీకెందుకు.

ఇట్లాంటి సంచికలను పట్టించుకోవడం వెర్రి అనుకునేవాళ్లకు ఒక మాట. అమెరికాలో సైన్స్ ఫిక్షన్ అభిమానుల చిన్న పత్రికలు 1930లో షికాగో నుంచి వచ్చిన ది కామెట్‌తో మొదలయ్యాయంటారు. అమేజింగ్ స్టోరీస్ పత్రిక పాఠకుల ఉత్తరాల కింద పూర్తి చిరునామాలు అచ్చువేసేది. వాళ్లు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుని సంఘాలు పెట్టి సొంత పత్రికలు తీశారు. వాటికి 1950ల్లోనే బాబ్ పావ్లాట్, బిల్ ఎవాన్స్ అనే ఇద్దరు అభిమానులు సూచిక వేశారు. అందువల్లే ఆ చరిత్ర ఇవాళ రాయగలుగుతున్నారు. మనకూ కలం స్నేహం శీర్షికలు ఉండేవి, సూర్యాపేట కుర్రాడికీ గుంటూరు కుర్రాడికీ అక్కడే పరిచయం. ఒక్క జాగ్రత్త: ఆ శీర్షికల్లో బతికున్నవాళ్ల పేర్లు, ఇంటి నంబర్లు ఉంటాయి, ఆడపిల్లలవీ ఉంటాయి. ఊరు పేరు వరకు జాబితాలో రాయండి, ఆ పేజీల బొమ్మలు నెట్‌లో పెట్టొద్దు.

హాస్టల్ రాతపత్రికలు లోకంలో ఒక్కొక్కటే ప్రతి. కాబట్టి ముందు వాటికే ఫోటోలు తీయండి, అన్ని పేజీలూ. రాసినవాళ్లు ఎవరో తెలిస్తే ఒక జిరాక్స్ వాళ్లకు ఇవ్వండి.

ఇక నారాయణపేట, గద్వాల వైపు సంచుల్లో ఉర్దూ డిటెక్టివ్ మాసపత్రికలు తప్పకుండా తగులుతాయి. 1952లో అలహాబాద్ నుంచి మొదలైన జాసూసీ దునియా లాంటివి ఇక్కడి ఇళ్లలో బాగా చదివారు. మీకు ఉర్దూ రాకపోతే తెలిసినవాళ్లతో చదివించి తెలుగు లిపిలో పేరు రాయించుకోండి, అట్ట ఫోటో తప్పనిసరి. చదవలేమని పక్కన పడేస్తే అవే ముందు రద్దీకి పోతాయి.

సాఫ్ట్‌వేర్. ఎక్సెల్ గానీ లిబ్రే ఆఫీస్ గానీ చాలు. కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉచితమే, మంచిదే. కానీ అది నేర్చుకునేలోపు మీ ఉత్సాహం చల్లారుతుంది. డ్యూయీ నంబర్ల (లైబ్రరీల్లో విషయాల వారీగా పుస్తకాలకు వేసే నంబర్లు) టెన్షన్ వద్దు, తెలుగు సాహిత్యమంతా 894.827 కిందికే వస్తుంది, మీ సంచులన్నిటికీ అదే నంబరు వేసి లాభమేంటి. ఎక్సెల్‌లో మొదటి పని, సంపుటి-సంచిక కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చడం. లేకపోతే మీరు "3-4" అని కొట్టగానే అది ఏదో ఒక తేదీగా మారి కూర్చుంటుంది, తర్వాత వెనక్కి రాదు. సంపుటికి, సంచికకు వేర్వేరు కాలమ్‌లు పెడితే ఇంకా నయం. తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేయండి. డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించిన జాబితా వెతకడానికి పనికిరాదు. పేరుకు రెండు కాలమ్‌లు: అచ్చులో ఉన్నది, వెతకడానికి ఒకే తీరుగా రాసుకున్నది. డిటెక్టివ్, డిటెక్టీవ్, డిటెక్టివు అని అచ్చులో మూడు రకాలు ఉంటాయి, రెండో కాలమ్‌లో ఒకటే ఉండాలి.

స్కానింగ్ రెండు దశలుగా చేయండి. ప్రతి ప్రతికి ముందు అట్ట, వెనక అట్ట, లోపలి పేరు పేజీ, ముద్రణ వివరాల పేజీ, విషయసూచిక, ఇవి ఫోన్‌తో తీసినా చాలు, ఫైలు పేరు మీ అంశం నంబరే. పూర్తి పుస్తకం స్కాన్ తర్వాత, 300 డీపీఐకి తగ్గకుండా, పుస్తకాన్ని పూర్తిగా విప్పి అణచకుండా.

నెట్‌లో పెట్టొచ్చా అంటే, జాబితాను నిరభ్యంతరంగా పెట్టొచ్చు. పూర్తి పుస్తకాలకు 1957 కాపీరైట్ చట్టం అడ్డొస్తుంది. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రచయిత పేరు లేనివి, కలం పేరుతో వచ్చినవి ప్రచురణ నుంచి 60 ఏళ్లు. అంటే 1960లో వచ్చినదానికి 2020 చివరితో ముగిసింది. కానీ ఆ గడువులోపే కలం పేరు వెనకున్న మనిషి ఎవరో బయటపడితే లెక్క ఆ మనిషి మరణం నుంచి మొదలవుతుంది. మీ గమనిక గడిలో ఉన్న "విన్నాను" అన్న ముక్క ఇక్కడ కూడా పనికొస్తుంది. మాసపత్రికలో ఒక్కో కథకు ఒక్కో రచయిత, ఒక్కో గడువు, బొమ్మలకు చిత్రకారుడి హక్కు వేరే. అనుమానం ఉన్నవి మీ హార్డ్‌డిస్క్‌లోనే ఉంచండి, ఇంకో నకలు వేరే ఇంట్లో పెట్టండి.

ఏదైనా సంస్థకు ఇచ్చే ఆలోచన ఉంటే, ఇచ్చేముందు రాతపూర్వకంగా రెండు అడగండి: సీరియల్ కట్టలను, అట్టలేని ప్రతులను కూడా తీసుకుంటారా, డూప్లికేట్లు అని తీసేసేవి మీకు తిరిగి ఇస్తారా. ఒకచోట ఇట్లాగే ఇచ్చిన సరుకులో "మంచి పుస్తకాలు" ఏరుకుని మిగతావి తూకానికి వేశారు, ఆ మిగతావే మనకు కావలసినవి. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల మీ జాబితా చూపించి మాట్లాడొచ్చు. జాబితా చేతిలో ఉంటే వాళ్లు వినే తీరు వేరుగా ఉంటుంది. మొదటి సంచి పూర్తయ్యాక ఆ షీటు ఇక్కడ పెట్టండి, తేదీల లెక్కలు నేనూ సరిచూస్తాను.